హ్యూ ఓవెన్ థామస్ జీవితము

విరిగిన యెముకలకు కట్టుకట్టుట కొన్ని వంశములలో తాతతండ్రులనాటినుండి వచ్చుచున్న విద్య. మనదేశమున నెట్లో బ్రిటనులోని వేల్సునందును అట్లే. అచ్చటి ఆంగ్లెసీ ద్వీపమున 18వ శతాబ్దిలో ఓడ పగిలి యొడ్డు చేరిన యొక బాలునినుండి తమకీ విద్య సంక్రమించెనని థామస్ వంశమువారు చెప్పుకొనుచుండిరి. ఆ వంశమున 1834లో హ్యూ ఓవెన్ జన్మించెను.

తండ్రి ఈవన్ థామస్ లివర్‌పూలు రేవుపట్టణమున ఎముకలు కట్టుటలో ప్రసిద్ధుడు. పట్టము లేనివాడగుటచే ఆయనపై పలుమారు వ్యాజ్యములు నడచెను. ఆ యవమానము బిడ్డలకు వలదని యైదుగురు కుమారులకును వైద్యవిద్య చెప్పించెను. హ్యూ ఎడింబరోలోను లండనులోను చదివి 1857లో శస్త్రవైద్య పట్టము నందెను. కొంతకాలము తండ్రియొద్ద పనిచేసెను గాని, ఇరువురకును పొసగక వేరుపడెను.

ఆయనకు ఏ పెద్ద యాసుపత్రియందును కొలువు లేదు. నెల్సన్ వీథిలోని యిల్లే వైద్యశాల. కమ్మరియు తోలుపనివాడును ఆయన సహాయకులు. ఆదివారములందు బీదలకు ఉచితముగా చికిత్స చేసెడివాడు. బక్కపలుచని దేహము, మెడవరకు బొత్తాములు బిగించిన నల్లకోటు, దెబ్బతిన్న కంటిపైకి దించిన టోపీ, నోట సిగరెట్టు: ఇదియే ఊరివారెరిగిన రూపము.

కీళ్లకు క్షయ సోకినయెడల అవయవమునే కోసివేయుట ఆనాడు సామాన్యము. థామస్ అట్లుగాక, విడువక, చిరకాలము కదలనీయకుండ నుంచినచో కీలు తానే మానునని నమ్మెను. అందులకై ఆయన కల్పించిన కట్టు మిక్కిలి సులభమైనది. తొడమొదట తోలు చుట్టిన యినుపవలయము. దానినుండి కాలికిరుప్రక్కల పాదము దాటువరకు రెండు కమ్ములు. కాలిని క్రిందికి లాగి కమ్ముల కొనకు కట్టిన, ఎముక కదలదు. 1875లో గ్రంథము వ్రాసి ప్రకటించినను, తోడి వైద్యులు పెక్కుమంది లెక్కచేయరైరి. ఇందు ఆయన దోషమును కొంత కలదు. తన గ్రంథములలో వారిని నిర్దాక్షిణ్యముగా తూలనాడెను. 1891 జనవరిలో ఆయన మరణించినపుడు లివర్‌పూలు వీథులు బీదజనముతో నిండెను.

భార్య మేనల్లుడు రాబర్టు జోన్సు ఆయన యింటనే పనినేర్చినవాడు. 1914లో యుద్ధము రాగా, తుపాకిగుండ్లకు తొడయెముక విరిగిన సిపాయిలను మోసుకొనిపోవునపుడు విరిగిన కొనలు కండను చీల్చి, రక్తము కారి, పలువురు దారిలోనే మరణించుచుండిరి. నూటికి ఎనుబదిమంది చనిపోయిరని తొలియేండ్ల లెక్క. అది యెంత సరియైనదో గాని, జోన్సు పట్టుదలచే థామస్ కట్టు ముందువరుసకు చేరిన పిమ్మట, 1917లో ఆరాస్ యుద్ధమున ఆ లెక్క పదునారుకు దిగెను. చీకటిలోనైనను కట్టగలుగుటకై స్ట్రెచరు మోయువారికి కన్నులకు గంతలు కట్టి యభ్యాసము చేయించిరి.