మాట పోయినా మతి పోదని చూపిన పాల్ బ్రోకా

మన యాంగోన్ పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో బర్మా భాష మాట్లాడుతారు. ఆ మాటలు మెదడులో ఎక్కడ తయారవుతాయి? దానికి గట్టి రుజువు చూపిన వైద్యుని జీవితం ఈ సంచికలో పిల్లలకు చెప్పదలిచాము.

పాల్ బ్రోకా 1824 జూన్ 28న ఫ్రాన్సులోని ఒక చిన్న ఊరిలో, వైద్యుని ఇంట పుట్టారు. పారిస్‌లో చదివి శస్త్రవైద్యులయ్యారు. మెదడంతా కలిసే అన్ని పనులూ చేస్తుందా, ఒక్కొక్క పనికి ఒక్కొక్క చోటుందా అని ఆనాటి పండితులు వాదించుకునేవారు.

1861 ఏప్రిల్‌లో లెబోర్న్ అనే 51 ఏళ్ల రోగి ఆయన వార్డుకు వచ్చాడు. ఏమడిగినా 'టాన్' అనే శబ్దమే వచ్చేది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. ఆసుపత్రిలో ఎన్నేళ్లుగా ఉన్నావని అడిగితే, అయిదు వేళ్లూ నాలుగుసార్లు చాపి, ఆపైన ఒక వేలు చూపాడు. ఇరవై ఒక్క సంవత్సరాలు! లెక్క సరిగ్గా సరిపోయింది.

కొద్దిరోజులకే అతడు మరణించాడు. మెదడును పరీక్షిస్తే ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. అదే ఏడాది మరో రోగిలోనూ ఇంచుమించు అదే చోట దెబ్బ కనిపించింది. మరికొందరిని పరిశీలించి, మాటకు ముఖ్య ఆధారం ఎడమ మెదడేనని 1865లో బ్రోకా ప్రకటించారు. ఆ చోటును నేటికీ బ్రోకా ప్రాంతం అంటారు. మాటను అర్థం చేసుకోవడానికి ఎడమవైపే, ఇంకా వెనుకగా, మరో చోటు ముఖ్యమని 1874లో జర్మన్ వైద్యుడు వెర్నికే చూపారు. పారిస్‌లో భద్రపరచిన లెబోర్న్ మెదడును స్కానింగ్ చేసినవారు, దెబ్బ ఇంకా లోతుకు, మెదడు భాగాలను కలిపే తంతువుల దాకా వెళ్లిందని 2007లో తెలిపారు.

బ్రోకా అన్నీ సరిగా చెప్పలేదు. మెదడు పరిమాణాన్ని బట్టి జాతుల, స్త్రీల తెలివిని ఎంచవచ్చని నమ్మారు. అది తప్పని తేలింది. కానీ మాట పోయినవారికి, తల్లి బిడ్డకు నేర్పినంత ఓర్పుతో మళ్లీ నేర్పాలన్నది ఆయన ఆలోచనే. 1880 జూలై 9న, 56వ ఏట కన్నుమూశారు.

పక్షవాతంతో తాతగారికో, అమ్మమ్మగారికో మాట పడిపోతే మతి కూడా పోయిందని అనుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. తరువాత వారి ఎదుట కూర్చుని, వారికి అలవాటైన భాషలో, చిన్న చిన్న మాటలతో నెమ్మదిగా మాట్లాడండి. వేళ్లతోనో, తల ఊపో బదులిచ్చేదాకా ఆగండి. ఈ పని పిల్లలు కూడా చేయగలరు.