ముందు వార్డు పని, ఆ తర్వాతే పెత్తనం
(ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితం)

మన పెన్షనర్ల కుటుంబాలలో నర్సింగు చదివిన ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కముందే వార్డు ఇన్‌ఛార్జిగా ఉండమని కొన్నిచోట్ల అడుగుతున్నారు. ఒప్పుకోవాలా, ఆగాలా అని ఆ పిల్లలు ఇంట్లో పెద్దలను అడిగితే ఏం చెప్పాలి? నైటింగేల్ జీవితం చూస్తే దారి కనబడుతుంది.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల కుటుంబంలో జన్మించారు. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. 1845లో ఆసుపత్రిలో పని నేర్చుకుంటానంటే తల్లిదండ్రులు ససేమిరా అన్నారు. ఆ రోజుల్లో అది పరువైన పని కాదు. ఆమె ఊరకుండక, తెల్లవారుజామునే లేచి ఆసుపత్రుల నివేదికలు, ప్రజారోగ్య లెక్కలు చదివారు. చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు రోగుల దగ్గరుండి పని నేర్చుకున్నారు.

1853 ఆగస్టులో, 33 ఏళ్ళ వయసులో, లండన్ హార్లీ వీధిలోని ఒక చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంటు అయ్యారు. జీతం లేదు. రోగుల సేవతోపాటు వంటిల్లు, సామాన్ల గది, ఖర్చుల పద్దులు స్వయంగా చూసుకున్నారు. మేడ మీదికి వేడినీటి గొట్టాలు, భోజనం పైకి చేర్చే లిఫ్టు, రోగులు పిలిచేందుకు గంటలు ఏర్పాటు చేయించారు.

మరుసటి ఏడాది అక్టోబరులో క్రిమియా యుద్ధం కారణంగా 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్ళారు. చిన్న ఆసుపత్రి నడిపిన అనుభవం అక్కడ అక్కరకొచ్చింది. అయినా ఆ చలికాలంలో సైనికులు వేలల్లో మరణించారు. 1855 మార్చిలో శానిటరీ కమిషన్ వచ్చి మురుగు కాలువలు బాగుచేయించాకే మరణాలు బాగా తగ్గాయి. యుద్ధం ముగిశాక గణాంక నిపుణుడు విలియం ఫార్ సాయంతో ఆమె లెక్కలు తీశారు. గాయాలకంటే మురికివల్ల వచ్చిన రోగాలే ఎక్కువమందిని బలిగొన్నాయని తేల్చారు. తాను పనిచేసిన ఆసుపత్రి లెక్కలనూ దాచలేదు.

ఆ లెక్కల దృష్టే ఆమెను మన దేశం వైపు మళ్ళించింది. ఆమె ఇక్కడికి ఎన్నడూ రాలేదు. అయినా 1876-78 నాటి ధాత కరువు మన సీమను మాడ్చినప్పుడు, 1878లో వ్యాసం రాసి రైతుకు సాగునీరు కావాలని వాదించారు. అప్పటికి మన అనంతపురం బళ్ళారి జిల్లాలోనే ఉంది. 1882లో వేరు జిల్లా అయింది.

1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల శిక్షణాలయం మొదలైంది. ఏడాది శిక్షణ, ఆపైన కొన్నేళ్ళు ఆసుపత్రిలో సేవ అని నియమం. కాని పెద్ద నర్సులు కావాలని నలుమూలలనుంచి అడిగేవారు. 1868లో లూసీ ఆస్బర్న్ సుమారు ఏడాది శిక్షణతోనే, అయిదుగురు నర్సులకు పెద్దగా సిడ్నీ వెళ్ళారు. వైద్యులతోనూ, వెంట వచ్చినవారితోనూ చిక్కులు పడ్డారు. అయినా 1884 వరకు నిలబడి అక్కడ నర్సింగుకు పునాది వేశారు. నైటింగేల్ 1870 తర్వాత తన శిక్షణాలయంలోని లోపాలు గ్రహించి పర్యవేక్షణ కట్టుదిట్టం చేశారు. బయటి ఆసుపత్రులకు పెద్దలుగా వెళ్ళినవారికి ఉత్తరాల ద్వారా సలహాలిస్తూ వెన్నంటి ఉన్నారు. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

మన ఆఫీసుల్లో ప్రొబేషన్ ముగిసి, డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పాసై, కొన్నేళ్ళు సీట్లో పనిచేశాకే సూపరింటెండెంటు కుర్చీ దక్కేది. ఫైలు తప్పు పోతే పైనుంచి తిరిగి వచ్చేది. వార్డులో పోయిన ప్రాణం తిరిగి రాదు.

కాబట్టి పిల్లలు అడిగితే సర్వీసు ఎన్నాళ్ళని కాక, ఈ మూడూ అడుగుదాం. రాత్రి డ్యూటీతో సహా వార్డు పనంతా చేతికి వచ్చిందా? మందుల నిల్వ, రికార్డులు ఒంటరిగా చూడగలదా? అర్ధరాత్రి సందేహం వస్తే అడగడానికి అనుభవమున్న సిస్టరు అందుబాటులో ఉందా? మూడింటికీ అవునంటే చిన్న వార్డుతో మొదలుపెట్టమని దీవిద్దాం. ఏ ఒక్కటి లేకపోయినా, ఇంకొంత గడువు కావాలని పై అధికారికి రాతమూలకంగా విన్నవించుకోమని చెబుదాం. అలా గడువు అడగడం చేతకానితనం కాదని ఇంట్లో మనమే ధైర్యం చెప్పాలి.