శస్త్రవైద్యశిరోమణి పెర్సివల్ పాట్

మన పెద్దలు గ్రామములయందు క్షౌరవృత్తితో బాటు కురుపులు కోయుట, పుండ్లకు కట్లు కట్టుట మున్నగు శస్త్రకర్మలను జేయుచుండిరి. ఇంగ్లండు దేశమునందును నిట్టి సంబంధమే యుండెను. లండను నగరమున 1540 మొదలు 1745 వఱకు క్షురకులును శస్త్రవైద్యులును ఒక్క సంఘముగ నుండిరి. ఆ సంఘమువలన యోగ్యతాపత్రము బడసిన యొక మహనీయుని చరిత్రమును ఈ సంచికయందు విన్నవింప గోరుచున్నాము.

పెర్సివల్ పాట్ 1714వ సంవత్సరమున లండనునందు జన్మించెను. శైశవముననే తండ్రి గతించెను. 1729లో ఎడ్వర్డ్ నూర్స్ అను శస్త్రవైద్యునికడ శిష్యుడై, గురువు పాఠములకు వలయు శరీరభాగములను కోసి సిద్ధపఱచుచు శారీరశాస్త్రమున నిష్ణాతుడయ్యెను. 1736లో యోగ్యతాపత్రమును, 1749లో సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలయందు శస్త్రవైద్యపదవిని బొందెను.

1756వ సంవత్సర ప్రాంతమున గుఱ్ఱముపైనుండి పడి కాలు విఱుగగొట్టుకొనెను. తొందరపడి కదలింపరాదని యెఱిగినవాడగుటచే చలినేలపైననే పరుండి, యొక తలుపును కొనితెప్పించి, దానికి దండెలు బిగింపించి, పల్లకిబోయీలచే నింటికి మోయించుకొనెను. వైద్యులు కాలు తీసివేయ నిశ్చయించి పరికరములను సిద్ధపఱచిరి. ఇంతలో గురువగు నూర్స్ వచ్చి వారించెను. కాలు నిలిచినది. కత్తి కిందికి వచ్చి తప్పించుకొనిన యా వైద్యునకు కత్తి నెప్పుడు పట్టవలెనో, యెప్పుడు విడువవలెనో స్వానుభవమున దెలిసినదని మేము తలంచుచున్నాము.

ఆ కాలమున లండను గృహములయందు రాక్షసిబొగ్గు మండించుచుండిరి. ఇఱుకైన పొగగొట్టములలో పేరుకొనిన మసిని గీకుటకు బీదల పసిబిడ్డల నెక్కించుచుండిరి. వారు పెరిగి పెద్దవారైన పిమ్మట కొందఱి వృషణకోశపు చర్మముపై గట్టి యంచులుగల పుండొకటి బయలుదేరుచుండెను. దానిని పనివారు మసిపులిపిరి యనుచుండిరి. వైద్యులు దానిని దుర్వర్తనమువలన గలిగిన సుఖరోగమని యెంచి పాదరసౌషధముల నిచ్చుచుండిరి. పుండు మానదయ్యెను, నింద మాత్రము మిగిలెను.

పాట్ 1775లో బ్రకటించిన గ్రంథమున నిది చర్మపు ముడుతలలో జేరిన మసివలన గలిగెడి పుట్టకురుపనియు, సుఖరోగము కాదనియు స్పష్టపఱచెను. ఒక వృత్తి యొక పుట్టకురుపునకు హేతువని గ్రంథస్థము చేసినవారిలో ఆయన ప్రథమగణ్యుడు. ఆ బాలురు పడెడి క్రౌర్యమునుగూర్చియు జాలితో వ్రాసెను. చికిత్స యొక్కటే: చర్మమునందున్నప్పుడే చెడినభాగమును వెంటనే కోసివేయవలెను. వృషణమునకు వ్యాపించిన పిమ్మట దానిని దీసివేసినను, గాయము మానినవారు సయితము కొన్నినెలలకే గజ్జలలో వ్యాధి తిరుగబెట్టి మరలివచ్చుట నాయన చూచెను. మత్తుమందు లేని దినములవి. మన సుశ్రుతాచార్యుడును అర్బుదమును శేషములేకుండ దీయవలెననియు, మిగిలినచో మరల బెరుగుననియు విధించెను. దూరదేశముల యిద్దఱు శస్త్రకారులు ఒక్క సత్యమునే కనుగొనిరి.

పాట్ 1788 డిసెంబరు 22న గతించెను. ఎనిమిదేండ్లకు లోబడిన బిడ్డలను ఆ పనిలో జేర్చుకొనరాదని యా సంవత్సరముననే శాసనమైనను అది సరిగా నమలు జరుగలేదు. 1875 నాటి శాసనముతోగాని యా దురాచారము తొలగలేదు. 1915లో జపానుదేశీయులగు యామగివా, ఇచికావా పండితులు కుందేళ్ల చెవులకు తారు పూసిపూసి పుట్టకురుపు గలిగించి, పాట్ చెప్పిన జాడ సత్యమని నిరూపించిరి.

సోదరులారా! వృత్తివలన వచ్చిన వ్యాధి వృత్తిపరుని పాపము కాదు. ఆ పనివారిని జంపినది మసి యొక్కటియే కాదు, సిగ్గును ఆలస్యమునుగూడ. మానని పుండు, పెరుగుచున్న పులిపిరి యెచ్చటనున్నను దాచక సకాలమున వైద్యునకు జూపుడు. చిన్నదిగ నున్నప్పుడు కోసినది ప్రాణమును నిలుపును. పాట్ మహాశయునకు మన మొనర్పగల నివాళి యిదియే.