జేమ్స్ బులో లాన్సింగ్

జేమ్స్ బులో లాన్సింగ్ (జనవరి 14, 1902 - సెప్టెంబర్ 29, 1949) అమెరికాకు చెందిన లౌడ్‌స్పీకర్ల రూపకర్త. ఇంట్లో స్టీరియో కోసం మేలురకం స్పీకర్లు ఎంచుకొనేవారికి సుపరిచితమైన జె.బి.ఎల్. అన్నవి ఇతని పేరులోని పొడి అక్షరాలే.

తొలి జీవితం

ఇతడు ఇల్లినాయ్ రాష్ట్రంలోని మకూపిన్ కౌంటీలో జన్మించాడు. అసలు పేరు జేమ్స్ మార్టిని. 1927లో కెన్ డెకర్‌తో కలసి లాస్ ఏంజెలెస్‌లో లాన్సింగ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీని స్థాపించాడు. తయారీ లాన్సింగ్‌ది, వ్యాపార వ్యవహారాలు డెకర్‌వి.

కృషి

ఎం.జి.ఎం. స్టూడియోలో డగ్లస్ షీరర్ నాయకత్వాన రూపొందిన షీరర్ హార్న్ అనే సినిమాహాలు స్పీకరుకు లాన్సింగ్ పనిచేశాడు. అందులో మంద్ర, తార ధ్వనులను వేర్వేరు భాగాలు పలికిస్తాయి. 1936 సంవత్సరానికి దానికి అకాడమీ సాంకేతిక పురస్కారం లభించింది. ఇదే పద్ధతిలో చిన్నదైన ఐకానిక్ స్పీకరును లాన్సింగ్ తయారుచేశాడు.

చివరి సంవత్సరాలు

1939లో డెకర్ విమాన ప్రమాదంలో మరణించడంతో సంస్థ కష్టాల్లో పడింది. 1941లో ఆల్టెక్ సర్వీస్ దానిని కొని, ఆల్టెక్ లాన్సింగ్ అయింది. లాన్సింగ్ 1946లో అక్కడినుండి వైదొలగి సొంత సంస్థను నెలకొల్పాడు. అక్కడ రూపొందించిన డి-130 స్పీకరు వ్యాసం 15 అంగుళాలు, దాని వాయిస్ కాయిల్ వ్యాసం 4 అంగుళాలు. తక్కువ శక్తిగల ఆంప్లిఫయరుతో కూడా ఇది బిగ్గరగా పలికేది.

స్పీకర్లకు పేరు వచ్చినా అప్పులు తీరలేదు. 1949లో లాన్సింగ్ ఆత్మహత్య చేసుకున్నాడు. తరువాత విలియం థామస్ సంస్థను నిలబెట్టాడు. ఇళ్ళకోసం ఆ సంస్థ తెచ్చిన హార్ట్స్‌ఫీల్డ్ (1954), పారగాన్ (1957) స్పీకర్లు ప్రసిద్ధి పొందాయి. లాన్సింగ్ వాటిని చూడలేదు.