శరీర శాస్త్రమునకు కన్నులిచ్చిన వెసేలియస్

మనకు అన్నింటికంటె సమీపముననున్నది మన శరీరమే. అయినను దాని లోపలి నిర్మాణమును సరిగా నెఱుగుటకు మానవునకు వేలకొలది సంవత్సరములు పట్టెను. మన దేశమున సుశ్రుతసంహిత, శవమును నీట నాననిచ్చి పొరపొరగా పరిశీలింపవలెననియు, శాస్త్రపఠనము ప్రత్యక్షదర్శనము రెండును కలిసినప్పుడే వైద్యుని జ్ఞానము వృద్ధిపొందుననియు ప్రాచీనకాలముననే బోధించెను. ఐరోపాఖండమున మాత్రము చిరకాలము గ్రంథమే ప్రమాణమై యుండెను. కన్ను చూచినది గ్రంథమునకు విరుద్ధమైనచో, తప్పు కంటిదేయని పండితులు తలచుచుండిరి. ఆ స్థితిని మార్చిన మహనీయుడు ఆండ్రియాస్ వెసేలియస్.

వెసేలియస్ 1514వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన బ్రస్సెల్స్ నగరమున జన్మించెను. ఆ నగరము నేడు బెల్జియము దేశమునకు రాజధాని. అతని తండ్రి చక్రవర్తియగు ఐదవ ఛార్లెస్ కొలువులో ఔషధములు సిద్ధపఱచు ఉద్యోగి. పూర్వులలో పలువురు వైద్యులు. కావున ఇంట వైద్యగ్రంథములకు కొదువ లేకుండెను. అతడు లువేన్ నగరమున ప్రాచీన భాషలు నేర్చి, 1533లో వైద్యవిద్యకై పారిస్ నగరమునకు వెళ్లెను.

క్రీస్తుశకము 2వ శతాబ్దమున జీవించిన గేలెన్ అను గ్రీకు వైద్యుని గ్రంథములే ఆనాటి వైద్యులకు వేదవాక్యములు. శవచ్ఛేదనము జరుగు దినమున ఆచార్యుడు ఎత్తైన పీఠముపై కూర్చుండి ఆ గ్రంథములను చదువుచుండును. క్రింద క్షురకుడొకడు శవమును కోయుచుండును. వేఱొకడు కఱ్ఱతో అవయవములను చూపుచుండును. చదువువాడు కోయడు, కోయువాడు ఆ చదువు నెఱుగడు. చుట్టును నిలిచిన విద్యార్థులకు దూరమునుండి కనబడునది అత్యల్పము.

ఈ పద్ధతి వెసేలియస్‌కు తృప్తి నీయలేదు. పారిస్‌లోని ఒక పాత శ్మశానవాటికయందు ఎముకలు రాసులుగా పడియుండెడివి. అతడు మిత్రులతో అచ్చటికి పోయి గంటలకొలది వానిని పరిశీలించెడివాడు. పిమ్మట వారందఱు ఒకరినొకరు పరీక్షించుకొనెడివారు. కన్నులకు గంతలు కట్టుకొని, చేతికి అందించిన ఎముక ఏదియో స్పర్శమాత్రమున చెప్పవలెను. అరచేతిలో ఇమిడెడి చిన్న ఎముకయైనను వెసేలియస్ గుర్తింపగలిగెను. ఏ గురువును బోధింపని ఈ విద్యను అతడు వ్రేళ్లకొనలతో నేర్చుకొనెను.

1536లో యుద్ధము సంభవింపగా అతడు లువేన్‌కు తిరిగివచ్చెను. ఒకనాడు ఊరి వెలుపల, నేరస్థులను శిక్షించు స్థలమున, ఉరికంబమునకు వ్రేలాడుచున్న అస్థిపంజరమొకటి అతని కంటబడెను. పక్షులు మాంసమును తినివేయగా ఎముకలు మాత్రము మిగిలియుండెను. అతడు కంబమెక్కి చేయందిన ఎముకలను తీసికొనెను. ఱొమ్ముభాగము గొలుసుతో బంధింపబడియుండుటచే, ఆ రాత్రి కోటవాకిండ్లు మూయునప్పుడు వెలుపలనే నిలిచిపోయి, చీకటిలో దానిని కూడ సంపాదించెను. ఇట్టి పని ఆ దినములలో ప్రమాదకరము. ఆ ఎముకలను కూర్చి అతడు నిలిపిన అస్థిపంజరమే అతనికి తొలి పాఠ్యగ్రంథమాయెను.

1537 డిసెంబరులో ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయము అతనికి వైద్యపట్టము నొసగి, వెంటనే శస్త్రవిద్యకును శరీరశాస్త్రమునకును ఆచార్యునిగా నియమించెను. అప్పటికి అతనికి ఇరువదిమూడేండ్లు నిండలేదు. అతడు చేసిన మొదటి మార్పు మిక్కిలి సులభమైనది. కాని అంతకుముందు ఆచార్యులు చేయుటకు ఇష్టపడనిది. అతడు పీఠము దిగివచ్చి, కత్తిని స్వయముగా చేతబట్టెను. విద్యార్థులను బల్లచుట్టును దగ్గరగా నిలిపి, ఒక్కొక్క కండరమును, నాడిని, ధమనిని వేఱుచేసి చూపెను. చిత్రపటములను కూడ ఉపయోగించెను. 1538లో అట్టి పటములను ఆఱింటిని ముద్రింపించి, అవయవముల పేర్లను గ్రీకు, లాటిను, అరబ్బీ, హీబ్రూ భాషలలో నిచ్చెను.

1539లో పాడువా న్యాయాధిపతి, మరణశిక్ష పొందినవారి శవములను అతనికి ఇప్పించుట కంగీకరించెను. అంతట పరిశీలన విస్తరించెను, సందేహములును పెరిగెను. గేలెన్ వర్ణించిన శరీరము ఎదుటనున్న శరీరముతో సరిపోలలేదు. క్రింది దవుడ రెండెముకల కూర్పని గేలెన్ చెప్పెను. వెసేలియస్‌కు ఒక్క ఎముకయే కనబడెను. ఱొమ్ముటెముక ఏడు భాగములని గ్రంథము. మూడే భాగములని కన్ను. మెదడు అడుగున సన్నని రక్తనాళముల వల యొకటి కలదని గేలెన్ వ్రాసెను. వెసేలియస్ సయితము దానిని నమ్మి 1538 నాటి పటమున చిత్రించియుండెను. తరువాత ఎంత వెదకినను మనుష్యునియందు అది కనబడలేదు. గొఱ్ఱెలు, ఎద్దులు మున్నగు జంతువులయందు మాత్రము కలదు.

కారణము 1540 నాటికి అతనికి స్పష్టమాయెను. బొలోన్యా నగరమున మనుష్యుని అస్థిపంజరమును, కోతి అస్థిపంజరమును ప్రక్కప్రక్కల నిలిపి అందఱికిని చూపెను. గేలెన్ వర్ణించిన లక్షణములు కొన్ని కోతియందే యుండెను. రోములో మానవ శవచ్ఛేదనమునకు అవకాశము లేకపోవుటచే గేలెన్ కోతులను, పందులను, ఇతర జంతువులను పరిశీలించి మనుష్యుని వర్ణించెను. అతడు అసత్యవాది కాడు. తాను చూచినదానినే వ్రాసెను. దోషము, తిరిగి చూడక నమ్మిన తరువాతి తరములవారిది.

1543లో వెసేలియస్ తన మహాగ్రంథమును ప్రకటించెను. మానవశరీర నిర్మాణమును వివరించు ఆ గ్రంథమున ఏడు భాగములు, రెండువందలకు పైగా చిత్రములు కలవు. చిత్రములు చెక్కిన కొయ్యదిమ్మలను వెనిస్ నుండి ఆల్ప్స్ పర్వతములు దాటించి, స్విట్జర్లాండులోని బాజెల్ నగరమునకు చేర్చి, ఒపొరైనస్ అను ముద్రాపకునిచే అచ్చొత్తించెను. భూమి సూర్యునిచుట్టు తిరుగుచున్నదని తెలిపిన కోపర్నికస్ గ్రంథము వెలువడినదియు ఆ సంవత్సరముననే. అప్పటికి వెసేలియస్ వయస్సు ఇరువదియెనిమిదేండ్లు.

కీర్తితోపాటు నిందయు వచ్చెను. పారిస్‌లో అతనికి చదువు చెప్పిన సిల్వియస్ పండితుడే అతనిని ఉన్మాదియని నిందించుచు 1551లో ఒక పుస్తకము ప్రకటించెను. గేలెన్ తప్పు వ్రాయలేదనియు, నాటినుండి మనుష్యుల శరీరమే మారిపోయినదనియు వాదించువారు కూడ బయలుదేఱిరి. వెసేలియస్ బోధన మానుకొని చక్రవర్తి ఆస్థానవైద్యుడై పోయెను. ఆ సమయమున తన వ్రాతప్రతులను అనేకము స్వహస్తముతో దగ్ధము చేసెను.

అయినను అతని పరిశీలన ఆగలేదు. హృదయమధ్యమునందలి గోడలో కంటికి కనబడని రంధ్రములు కలవనియు, రక్తము వానిగుండా కుడినుండి ఎడమకు పోవుననియు గేలెన్ మతము. మొదటి ముద్రణమున దీనిని స్పష్టముగా కాదనలేకపోయిన వెసేలియస్, 1555 నాటి రెండవ ముద్రణమున తన సందేహమును బాహాటముగా వెలిపుచ్చెను. కొన్ని దశాబ్దముల తరువాత అదే పాడువాలో చదివిన విలియం హార్వే, రక్తప్రసరణ రహస్యమును 1628లో లోకమునకు తెలిపెను.

1564లో జెరూసలేము యాత్ర చేసి తిరిగివచ్చుచు, గ్రీసు దేశమునకు చెందిన జాకింథోస్ ద్వీపమున వెసేలియస్ తన నలువదితొమ్మిదవ యేట మరణించెను. అతని కొయ్యదిమ్మలు నాలుగు శతాబ్దములు నిలిచి, రెండవ ప్రపంచయుద్ధమున మ్యూనిక్ నగరమునందు నశించెను. అతడు చూపిన మార్గము మాత్రము నశింపలేదు.

విద్యార్థులారా! మోకాలిచిప్పకు ఇంట మన తెలుగున ఒక పేరు, వీధిలో ఇరుగుపొరుగువారి భాషలో మఱియొక పేరు, వైద్యగ్రంథమున లాటిను పేరు వినబడును. వెసేలియస్ నాలుగు భాషల పేర్లను ఒక్క పటముపై వ్రాసినట్లు, మీరును వానినన్నింటిని నేర్వుడు. ఏ భాషకును ఇందు చిన్నతనము లేదు. కాని పేర్లు ఎన్నియైనను ఎముక ఒక్కటే. పేరు నేర్చిన పిమ్మట చేతితో తడవి చూడుడు. గ్రంథము చదివిన పిమ్మట కన్నులు తెఱచి చూడుడు. గురువును గౌరవించుట యనగా ఆయన చూపిన వస్తువును మరల మనము స్వయముగా చూచుటయే.