పటికకు మూడు కాదు.. నాలుగు!

బీదర్: 1956 నవంబరు 1. హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైన రోజు. బీదర్ జిల్లాలో కొంత భాగం మైసూరు రాష్ట్రంలో కలిసింది. జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయాయి. అప్పటిదాకా ఈ ప్రాంతానికి యూనివర్సిటీ అంటే ఉస్మానియానే. దానికి అప్పుడు వైస్ చాన్స్‌లర్ ఓ తెలుగాయన.. సూరి భగవంతం. బీదర్ మైసూరులో కలిసిన మరుసటి ఏడాదే ఆయనా బెంగళూరు వెళ్లారు, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్‌గా. పదవుల సంగతి అలా ఉంచితే, ఆయన అసలు గొప్పంతా ఓ లెక్క తప్పును పట్టుకోవడంలో ఉంది.

అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909 అక్టోబరు 14న పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివారు. రామన్ ఎఫెక్ట్ బయటపడిన 1928లోనే కలకత్తా వెళ్లి సి.వి.రామన్ దగ్గర చేరారు. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. 1932లో వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చేశారు.

ఐదంటే ఐదే..

ఓ స్ఫటికం మీద కాంతి వేస్తే, చెదిరి వచ్చే వెలుగులో కొన్ని కొత్త గీతలు కనిపిస్తాయి. ఎన్ని కనిపిస్తాయో ప్రయోగం చేయకముందే చెప్పగలమా? చెప్పొచ్చంటుంది గ్రూప్ థియరీ. స్ఫటికంలో అణువులు ఏ పొందికలో ఉన్నాయో తెలిస్తే చాలు, కాగితం మీదే లెక్క తేలుతుంది. గణితం తెలిసిన టి.వెంకటరాయుడుతో కలిసి భగవంతం ఈ పని మొదలుపెట్టారు. చలువరాతిలో ఉండే కాల్‌సైట్‌నే తీసుకోండి. లెక్క ప్రకారం దానికి ఐదు గీతలు రావాలి. ప్రయోగంలోనూ ఐదే కనిపించాయి. ఇద్దరూ కలిసి రాసిన పుస్తకం 1948లో వచ్చింది.

లెక్క, ప్రయోగం కలిస్తే అందరికీ సంతోషమే. పెద్దాయన లెక్కే తప్పయితే?

పాకెల్స్ జర్మనీ శాస్త్రవేత్త. స్ఫటికాన్ని నొక్కితే అందులో కాంతి నడక ఎలా మారుతుందో 19వ శతాబ్దం చివర్లోనే సిద్ధాంతం కట్టారు. ఏ రకం స్ఫటికానికి ఎన్ని స్థిరాంకాలు కావాలో పట్టిక ఇచ్చారు. ఘనాకార స్ఫటికాలన్నిటికీ మూడు చాలన్నారు. దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ అదే రాశాయి. ఎవరికీ అనుమానం రాలేదు.. వచ్చినా పాకెల్స్ అంతటివాడి పట్టికను కాదనేదెవరు?

1942లో, విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డ ఏడాదే, భగవంతం ఆ పట్టికను గ్రూప్ థియరీతో మళ్లీ లెక్కగట్టారు. కొన్ని చోట్ల తేడా వచ్చింది. ఘనాకార స్ఫటికాల్లో ఐదు తరగతులుంటే, అందులో రెండింటికి మూడు చాలవు, నాలుగు కావాల్సిందే అని తేల్చారు. మన ఇళ్లలో ఉండే పటిక ఆ రెండింట్లో ఒక తరగతికి చెందిందే.

కాగితం మీద ఎవరిది ఒప్పు అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు. కానీ ఇక్కడ ఓ సౌకర్యం ఉంది. ఘనంలా కోసిన స్ఫటికాన్ని ఒక అంచు వెంబడి నొక్కాలి. నొక్కిన దిక్కుకు అడ్డంగా ఒకసారి ఈ పక్క నుంచి, ఇంకోసారి ఆ పక్క నుంచి కాంతి పంపి చూడాలి. పాకెల్స్ చెప్పిందే నిజమైతే రెండు వైపులా ఒకే మార్పు కనిపించాలి. భగవంతం లెక్క నిజమైతే ఈ రెండు తరగతుల్లో మార్పులు వేర్వేరుగా ఉండాలి. ఒకవేళ సమానంగా వస్తే? నాలుగోది ఉందన్న మాట గాల్లో మిగిలిపోయేది.

1940ల చివర్లో డి.సూర్యనారాయణతో కలిసి ఆంధ్రా యూనివర్సిటీలో ఆ పరీక్షా పెట్టారు. రెండు వైపులా తేడా కనిపించింది. నాలుగో స్థిరాంకం ఉన్నట్టే!

నిజానికి ఇది పేపర్లలో పతాక శీర్షిక అయ్యే సంగతి కాదు. బాంబూ కాదు, రాకెట్టూ కాదు. అయినా నొక్కిన గాజులో, స్ఫటికంలో కాంతిని కొలిచి పనిచేసేవాళ్లకు పట్టికలో ఒక అంకె తక్కువైతే లెక్కంతా తారుమారే.

బెంగళూరులో ఆయన కూర్చున్న డైరెక్టర్ కుర్చీ 1933 నుంచి 1937 దాకా గురువు రామన్‌దే. శిష్యుడు అందులో 1962 దాకా ఉన్నారు. 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. ఢిల్లీలో అంత పని నడుమ కూడా పాత లెక్కను వదల్లేదు. స్ఫటికాల సౌష్ఠవం మీద 1966లో మరో పుస్తకం తెచ్చారు. 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. ఇప్పటి పుస్తకాల్లో ఆ రెండు తరగతులకూ నాలుగేసి స్థిరాంకాలే కనిపిస్తాయి.