నీళ్లలోని జబ్బును పట్టుకున్న వైద్యుడు: హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్

మన పడమటి ప్రాంతపు పల్లెల్లో నడుము వంగిపోయిన పెద్దలను, గారపళ్ల పిల్లలను మనమంతా చూసినవాళ్లమే. చాలామంది దీన్ని వాతమనీ, వయసనీ, తలరాత అనీ అనుకుంటారు. ఇది తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ అని మన దేశంలో మొదట తేల్చిచెప్పిన వైద్యులలో ముఖ్యుడు హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని సోదర విద్యార్థులకు పరిచయం చేస్తున్నాము.

షార్ట్ 1887లో పంజాబ్‌లో జన్మించారు. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య పూర్తిచేసి ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. అస్సాంలో ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేసిన కాలా అజార్ జ్వరంపై ఏళ్ల తరబడి పరిశోధించారు. 1930లలో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టర్‌గా వచ్చారు.

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. కీళ్లు బిగుసుకుపోయి ఎద్దులు నడవలేకపోవడాన్ని ఆ జిల్లా రైతులు ముందే గమనించారు. మనుషులలోనూ అదే బాధ కనిపించింది. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి కలిసి రోగులను, వారు తాగే నీళ్లను పరిశీలించి, దానికి కారణం ఫ్లోరైడ్ అని 1937లో ప్రకటించారు.

ఎముక ప్రాణంలేని రాయి కాదు. దాన్ని కట్టే కణాలు, కరిగించే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. ఫ్లోరైడ్ ఎక్కువైతే కట్టే కణాలు అదుపు తప్పుతాయి. ఎముక మందమవుతుంది గాని పెళుసుబారుతుంది. కీళ్ల చుట్టూ ఉండే పట్టీలలో సున్నం చేరి వెన్నెముక కర్రలా బిగుసుకుపోతుంది.

కీలు చివర మెత్తగా ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. అందులోని కణాలకు, కింది ఎముక కణాలకు మధ్య రసాయన సంకేతాలు నడుస్తుంటాయని నేటి శాస్త్రవేత్తలు చెబుతున్నారు. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదలలో కూడా ఎముక గట్టిపడటం, మృదులాస్థి చెడటం ఒకదానికొకటి తోడవుతాయి. ఒకటి చెడితే రెండోది నిలవదు.

షార్ట్‌కు ప్రపంచఖ్యాతి వేరే పరిశోధనల వల్ల వచ్చింది. ఇసుక ఈగ కాటుతో కాలా అజార్ సోకుతుందని 1942లో సహచరులతో కలిసి నిరూపించారు. దోమ ద్వారా మలేరియా వ్యాపిస్తుందనడానికి ఆధారాన్ని 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ కనుగొన్నారు. దోమ కుట్టాక జ్వరం వచ్చేలోపు ఆ క్రిమి ఎక్కడ దాక్కుంటుందో మాత్రం అంతుపట్టలేదు. అది కాలేయంలో పెరుగుతుందని 1948లో షార్ట్, గార్న్‌హామ్ చూపించారు. 1950లో షార్ట్ రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. నిండు నూరేళ్లు జీవించి 1987లో కన్నుమూశారు.

అంత పేరుపొందిన ఆయన జీవితంలో మన ప్రాంతంపై చేసిన పరిశోధన ఒక చిన్న అధ్యాయమే. మనకు మాత్రం అదే పెద్దది. ఒకసారి బిగుసుకున్న వెన్ను మళ్లీ మునుపటిలా కాదు, రాకుండా చూసుకోవడమే మార్గం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు పరవాలేదని మన దేశ ప్రమాణం. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. ఈ హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు, ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లు తమ ఊరి బోరు నీళ్లను ఒక్కసారి పరీక్ష చేయించాలని కోరుతున్నాము. షార్ట్ వంటి మహనీయునికి మనం చేయగల నివాళి ఇదే.